ఆర్సీ రేసింగ్ కార్ల డిఫరెన్షియల్: ఎంపిక, బిగింపు, ఆయిల్ సర్దుబాటు

ఆర్సీ (రిమోట్‌తో నడిపే చిన్న) కారు మలుపులో వెనుక జారిపోతోందనో, ముందుకు తోసుకుపోతోందనో చెప్పి, డిఫరెన్షియల్‌లో (డిఫ్‌లో) ఏ ఆయిల్ వేయాలని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్నకు ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు గానీ, దానివల్ల ఉపయోగం తక్కువ. ఒకే 5,000 చిక్కదనమున్న ఆయిల్‌ను ఇద్దరు రెండు రకాలుగా నింపితే రెండు వేర్వేరు డిఫ్‌లు తయారవుతాయి. కాబట్టి ముందు డిఫ్‌ను ప్రతిసారీ ఒకేలా బిగించడం నేర్చుకోవాలి. ఆయిల్ మార్చి చూడడం ఆ తర్వాతి పని. ఈ మార్గదర్శి 1/10, 1/8 స్కేలు (అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు సైజు) కార్లకు ఉద్దేశించినది.

1. మీ కారులో ఏ డిఫ్ ఉందో, ఏది ఉండాలో తేల్చుకోండి

డిఫ్ రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. లోపల నిరోధం లేకపోతే ఏ చక్రానికి పట్టు తక్కువగా ఉందో అది ఊరికే తిరుగుతుంది, నేలను పట్టుకుని ఉన్న చక్రానికి బలం అందదు. మనం సర్దుబాటు చేసేది ఈ నిరోధాన్నే.

గేర్ డిఫ్: మూసిన డబ్బాలో చిన్న బెవెల్ (శంకువు ఆకారపు) గేర్లు, వాటి చుట్టూ సిలికాన్ ఆయిల్ ఉంటాయి. చక్రాల వేగాల మధ్య తేడా పెరిగేకొద్దీ ఆయిల్ నిరోధం కూడా పెరుగుతుంది. ఒకసారి సరిగా బిగిస్తే చాలా రోజులు ఒకేలా పనిచేస్తుంది కాబట్టి కొత్తవారికి నేను ముందుగా సూచించేది ఇదే.

బాల్ డిఫ్: రెండు ఉక్కు రింగుల మధ్య టంగ్‌స్టన్ కార్బైడ్ లేదా సిరామిక్ బంతులు ఉంటాయి. 1/10 బగ్గీలలో (ఆఫ్-రోడ్ కార్లలో) ఇవి సాధారణంగా 2.4 మి.మీ., 1/12 ప్యాన్ కార్లలో (చదునైన పలక మీద కట్టిన రోడ్డు కార్లలో) 3.2 మి.మీ. వ్యాసంలో ఉంటాయి. ఇక్కడ నిరోధం స్క్రూ బిగింపు మీద ఆధారపడుతుంది, వేగాల తేడాతో పెద్దగా మారదు. వదులు మట్టి మీద టూవీల్ డ్రైవ్ బగ్గీని నడిపేటప్పుడు దీని మృదుత్వం బాగా ఉపయోగపడుతుంది. కానీ దీనికి తరచుగా సేవ చేయాలి, బిగింపు తప్పితే ఒక్క బ్యాటరీ పరుగులోనే పాడవుతుంది.

స్పూల్: ఇందులో డిఫ్ అనేదే ఉండదు, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. టూరింగ్ కార్ల (రోడ్డు మీద నడిచే ఫోర్‌వీల్ డ్రైవ్ కార్ల) ముందు భాగంలో ఇది మామూలు విషయం. బ్రేకుకూ, మలుపు నుంచి బయటికి లాగడానికీ ఇది బాగుంటుంది గానీ, ముందు డ్రైవ్ షాఫ్టులు డబుల్ జాయింట్ రకానివి కాకపోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చక్రాలు టకటక కొట్టుకుంటాయి.

వన్-వే: ముందు చక్రాలకు ముందు దిశలో మాత్రమే బలం అందించే రకం. తారు మీద ప్రత్యేక సందర్భాలలో వాడతారు. ముందు చక్రాలకు బ్రేకు అందదు కాబట్టి, దీని గురించి మొదటి ఏడాదిలో ఆలోచించకపోయినా నష్టం లేదు.

తమియా టీటీ-02 వంటి ప్రారంభ స్థాయి కార్ల డిఫ్‌లకు సీలు ఉండదు. వాటిలో ద్రవ ఆయిల్ పోస్తే అది గేర్‌బాక్సులోకి కారిపోతుంది. అలాంటి డిఫ్‌ను బిగువుగా చేయాలంటే యాంటీ-వేర్ గ్రీజు వంటి జిగురు గ్రీజు దట్టించాలి, లేదా సీలున్న ఆయిల్ డిఫ్‌ను విడిగా కొని వేసుకోవాలి. ముందు డిఫ్‌ను గట్టిగా దట్టించి వెనుకదాన్ని తేలికగా ఉంచడం ఈ కార్లలో చౌకగా మంచి ఫలితమిచ్చే పద్ధతి.

2. ఆయిల్ సీసా మీది అంకెను అర్థం చేసుకోండి

డిఫ్ ఆయిల్ చిక్కదనాన్ని సాధారణంగా సెంటీస్టోక్స్‌లో చెబుతారు. వెయ్యి అంటే పల్చన, లక్ష అంటే తేనె కంటే ఎంతో చిక్కన, పది లక్షలు అంటే ముద్దలాంటి పదార్థం. షాక్ అబ్జార్బర్ల ఆయిల్ మీద కనిపించే ‘వెయిట్’ అనే అంకె దీనికి భిన్నమైనది. అసోసియేటెడ్ అనే ఆర్సీ కంపెనీ వారి 30 వెయిట్ షాక్ ఆయిల్ సుమారు 350 సెంటీస్టోక్స్ మాత్రమే. ఈ రెండు కొలతలనూ కలిపి లెక్కపెట్టకూడదు.

చిక్కదనం ప్రభావాన్ని కూడికలుగా కాక నిష్పత్తులుగా చూడాలి. 3,000 నుంచి 5,000కు మారితే కారు స్పష్టంగా మారుతుంది. అదే 2,000 తేడా 20,000 నుంచి 22,000కు వస్తే ఎవరికీ తెలియదు. అందుకే దుకాణాలలో 3, 5, 7, 10, 15, 20, 30 వేలు అనే మెట్లు ఉంటాయి. ఒకసారికి ఒక మెట్టు మాత్రమే మారండి.

కావలసిన ఆయిల్ దొరకకపోతే రెండింటిని కలపవచ్చు, కానీ ఫలితం వాటి సగటు కాదు. 5,000, 10,000 ఆయిల్‌లను సమపాళ్లలో కలిపితే 7,500 కాక దాదాపు 7,000 వస్తుంది. ఒకే కంపెనీ ఆయిల్‌లను మాత్రమే కలపండి. అసలు అన్ని చిక్కదనాలనూ ఒకే కంపెనీవి కొనుక్కోవడం మేలు, ఎందుకంటే సీసా మీద ఒకే అంకె ఉన్నా రెండు కంపెనీల ఆయిల్‌లు ట్రాక్ మీద ఒకేలా ఉండవు.

సీసా మీది అంకెను సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. సిలికాన్ ఆయిల్ వేడికి మినరల్ ఆయిల్ కంటే తక్కువగా పల్చబడుతుంది గానీ, అసలు పల్చబడకుండా ఉండదు: 38 డిగ్రీల దగ్గరున్న చిక్కదనంలో 99 డిగ్రీలకు చేరేసరికి సుమారు 40 శాతమే మిగులుతుంది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం కారు నడిపేవారు చల్లటి దేశాల సెటప్ షీటును (కారు సర్దుబాట్ల పట్టికను) ఉన్నదున్నట్టు అనుసరిస్తే డిఫ్ అనుకున్నదానికంటే పల్చగా ప్రవర్తిస్తుంది. అలాంటి రోజుల్లో ఒక మెట్టు చిక్కటి ఆయిల్‌తో మొదలుపెట్టడం సబబు.

3. విప్పే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- 1.5, 2.0, 2.5 మి.మీ. అలెన్ డ్రైవర్లు. కొన మొద్దుబారినవి వాడితే చిన్న స్క్రూల తలలు చెడిపోతాయి.
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం. నగల తూకానికి వాడేదే సరిపోతుంది.
- మోటార్ క్లీనర్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ, టిష్యూలు.
- కొత్త ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు వలయాలు), గాస్కెట్ (మూత కింది పలుచటి సీలు), షిమ్‌లు (సందు సర్దే పలుచటి వాషర్లు). గాస్కెట్‌ను రెండోసారి వాడాలన్న పొదుపు చివరికి ఖర్చే అవుతుంది.
- ఓ-రింగులకు రాసే గ్రీజు. బాల్ డిఫ్ అయితే బంతులకు తెల్లటి సిలికాన్ డిఫ్ గ్రీజు, థ్రస్ట్ బేరింగ్‌కు (బిగింపు స్క్రూ ఒత్తిడిని మోసే చిన్న బేరింగ్‌కు) నల్ల గ్రీజు.
- పట్టకారు, 600 నంబరు ఇసుక కాగితం, చదునైన గాజు ముక్క.
- పెన్ను, పుస్తకం.

విప్పేటప్పుడు ప్రతి దశకూ ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. ముఖ్యంగా ఏ వైపు ఎన్ని షిమ్‌లు ఉన్నాయో గుర్తుంటుందనుకోవడం పొరపాటు.

4. గేర్ డిఫ్‌ను బిగించే క్రమం

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఈ భాగమే కాబట్టి దీనికి తొందర పనికిరాదు.

మొదట శుభ్రం చేయండి. పాత ఆయిల్‌ను టిష్యూ మీద వంచి దాని రంగు చూడండి. లేత బూడిద రంగు మామూలే. అందులో మెరిసే లోహపు పొడి కనిపిస్తే గేర్లో, అవుట్‌డ్రైవ్ (చక్రం వైపు బలాన్ని తీసుకెళ్లే) షాఫ్టులో, అడ్డ పిన్నులో (చిన్న గేర్లు తిరిగే పిన్నులో) అరుగుతున్నాయని అర్థం. గేర్ల పళ్ల మధ్య ఆయిల్ మిగలకుండా క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పాత 3,000 ఆయిల్ కొంచెం మిగిలితే మీరు పోసే 7,000 ఆయిల్ ఇక 7,000గా ఉండదు.

అరుగుదలను పరీక్షించండి. అడ్డ పిన్నుల మీద గేరు తిరిగిన చోట గాడి పడిందేమో గోటితో తడిమి చూడండి. అవుట్‌డ్రైవ్ మీద ఓ-రింగు ఆనే చోట గీత ఉంటే కొత్త ఓ-రింగు వేసినా లీకు ఆగదు.

ఓ-రింగుకు గ్రీజు రాయండి. ఓ-రింగును గ్రీజుతో బాగా తడిపి దాని స్థానంలో కూర్చోబెట్టి, అవుట్‌డ్రైవ్‌ను తిప్పుతూ నెమ్మదిగా లోపలికి నెట్టాలి. పొడిగా నెడితే అంచు తెగుతుంది, ఆ కోత కంటికి కనిపించదు.

షిమ్‌లను సరిచూడండి. పెద్ద గేరు వెనుక షిమ్ పెట్టి, ఆయిల్ లేకుండానే డిఫ్‌ను ఒకసారి మూసి చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా, అదే సమయంలో అవుట్‌డ్రైవ్ లోపలికీ బయటికీ ఎక్కువగా కదలకుండా ఉండాలి. పట్టేస్తే షిమ్ తీసేయండి. వదులుగా ఉంటే చేర్చండి. ఈ పొడి పరీక్షను చాలామంది వదిలేస్తారు. ఆ తర్వాత డిఫ్ బిగువుగా అనిపిస్తే అది ఆయిల్ వల్లనో, షిమ్ వల్లనో తేల్చుకోలేరు.

ఆయిల్ పోయండి. ఖాళీ డబ్బాను గేర్లతో సహా తూకం మీద పెట్టి సున్నా చేయండి. గేర్లు సగం మునిగేదాకా పోసి, అవుట్‌డ్రైవ్‌ను నెమ్మదిగా తిప్పితే కింద చిక్కుకున్న గాలి బుడగలు పైకి వస్తాయి. తర్వాత అడ్డ పిన్నులు సరిగ్గా మునిగేంత వరకు నింపి, డబ్బాను కదపకుండా పక్కన పెట్టండి. పల్చటి ఆయిల్‌కు పావుగంట చాలు. 50,000 దాటినవాటిని రాత్రంతా ఉంచడం మంచిది. బుడగలు పోయాక మట్టం తగ్గితే ఆ మేరకు పోసి, చివరి బరువు రాసుకోండి. తర్వాత ఎప్పుడు ఆయిల్ మార్చినా ఇదే బరువు రావాలి.

అంచు దాకా నింపకూడదు. ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది; దానికి చోటు లేకపోతే సీళ్లను తోసుకుని బయటికి వస్తుంది. మరీ తక్కువ నింపితే గేర్లు గాలినే చిలుకుతాయి, పరుగు మధ్యలో డిఫ్ స్వభావం మారిపోతుంది.

మూసి బిగించండి. గాస్కెట్‌ను అంచుల వెంట సరిచేసి, స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక స్క్రూను పూర్తిగా బిగించి తర్వాతిదానికి వెళితే మూత ఒక పక్కకు వంగుతుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూను వెనక్కి తిప్పి, పాత మరలోకి చిన్నగా దిగిన తర్వాతే ముందుకు తిప్పండి.

చివరగా డిఫ్‌ను టిష్యూ మీద పక్కకు పడుకోబెట్టి రాత్రంతా ఉంచండి. ఉదయానికి మరక కనిపించకపోతే కారులో వేయవచ్చు. కొత్త గేర్లు వేసిన డిఫ్‌లో మొదటి రెండు మూడు బ్యాటరీలకే ఆయిల్ మురికి పడుతుంది కాబట్టి, ఆ ఆయిల్‌ను మార్చిన తర్వాతే సర్దుబాటు మొదలుపెట్టాలి.

5. బాల్ డిఫ్‌ను బిగించే క్రమం

రింగులను గాజు మీద పరచిన 600 కాగితంపై ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది, పాత గాడి పోయేలా చేయండి. గాడి లోతుగా ఉంటే రింగును తిప్పి రెండో వైపు వాడుకోవచ్చు. రెండు వైపులా గాడి పడితే మార్చాల్సిందే. బంతులను కడిగి గుడ్డతో తుడవండి.

థ్రస్ట్ బేరింగ్ చాలా చిన్న భాగమే గానీ డిఫ్ గరగరమనడానికి చాలాసార్లు అదే కారణం. దాని వాషర్ల గాడి ఉన్న వైపులు బంతుల వైపుకు తిరిగి ఉండాలి, నల్ల గ్రీజు బాగా ఉండాలి. ప్రధాన బంతులకు మాత్రం తెల్ల గ్రీజు కొంచెమే చాలు. నల్ల గ్రీజును పొరపాటున ఈ బంతులకు రాస్తే డిఫ్ జారుతుంది, కడిగి మళ్లీ బిగించడం తప్ప దారి లేదు.

స్క్రూను బిగించేటప్పుడు మధ్య మధ్యలో అవుట్‌డ్రైవ్‌లను తిప్పుతూ ఉండండి. స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుని స్క్రూ ఆగినట్టు తెలియగానే, వెనక్కి ఎనిమిదో వంతు తిప్పు విప్పండి. తయారీదారు మరో కొలత చెప్పి ఉంటే దాన్నే పాటించాలి. ఆ తర్వాత కారును గట్టిగా పట్టుకుని, ఒక వెనుక చక్రాన్ని ఆపి, అతి తక్కువ థ్రాటిల్‌తో అర నిమిషం నడపండి. రెండో వైపూ అలాగే చేయండి. ఆగిన చక్రానికి ఎదురు చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది కాబట్టి థ్రాటిల్ విషయంలో అత్యాశ వద్దు. ఇలా రింగులు, బంతులు సర్దుకున్న తర్వాత బిగింపును మళ్లీ సరిచూడండి.

స్లిప్పర్ క్లచ్ (అధిక బలం వచ్చినప్పుడు జారి గేర్లను కాపాడే భాగం) ఉన్న కారులో ఒక నియమం తప్పనిసరి: డిఫ్ కంటే ముందు స్లిప్పర్ జారాలి. దీన్ని పరీక్షించడానికి స్లిప్పర్ నట్టును తాత్కాలికంగా పూర్తిగా బిగించి, రెండు వెనుక చక్రాలనూ పట్టుకుని, స్పర్ గేరును (మోటారు తిప్పే పెద్ద గేరును) బొటనవేలితో తోయండి. అది కదిలితే డిఫ్ జారుతోందని అర్థం. కదలకపోతే డిఫ్ సరిగా ఉంది; అప్పుడు స్లిప్పర్‌ను దాని అసలు బిగింపుకు వదులు చేయండి.

6. ఎక్కడ మొదలుపెట్టాలి

తయారీదారు ఇచ్చిన సెటప్ షీటు ఉంటే అదే మొదటి ఎంపిక. లేనివారికి ఈ కింది అంకెలు మధ్యేమార్గంగా పనికివస్తాయి.

- 1/10 టూరింగ్, తారు మీద రబ్బరు టైర్లతో: ముందు స్పూల్, వెనుక 5,000.
- 1/10 ఫోర్‌వీల్ డ్రైవ్ బగ్గీ: ముందు 7,000, వెనుక 5,000.
- 1/10 టూవీల్ డ్రైవ్ బగ్గీ: కార్పెట్, కృత్రిమ గడ్డి మీద గేర్ డిఫ్‌లో 5,000, వదులు మట్టి మీద బాల్ డిఫ్.
- 1/8 బగ్గీ: ముందు 7,000, మధ్య (ముందు, వెనుక చక్రాలకు బలం పంచే డిఫ్) 7,000, వెనుక 3,000. ట్రాక్ బాగా గతుకులమయంగా ఉంటే ముందు 5,000, మధ్య 5,000.

7. ట్రాక్ మీద సర్దుబాటు

టైర్లు సరైనవి కాకపోతే డిఫ్ జోలికి వెళ్లవద్దు. టైరు వల్ల వచ్చే తేడా ముందు ఒక మెట్టు ఆయిల్ తేడా ఏపాటిదీ కాదు. అలాగే రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు), ఎడమ కుడి క్యాంబర్ (చక్రం వాలు) సమానంగా ఉన్నాయని చూసుకోండి. అదే టైర్లతో, అదే స్థాయిలో ఛార్జ్ చేసిన బ్యాటరీతో, ఒక్క డిఫ్‌ను మాత్రమే, ఒక్క మెట్టు మార్చి పరీక్షించండి.

ముందు డిఫ్. పల్చన చేస్తే థ్రాటిల్ వదిలి మలుపులోకి దిగేటప్పుడు స్టీరింగ్ పెరుగుతుంది. మరీ పల్చనైతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. చిక్కన చేస్తే మలుపు మొదట్లో స్థిరత్వం పెరుగుతుంది, బయటికి వచ్చేటప్పుడు థ్రాటిల్ మీద కారు గీసిన గీత వెంట లాగుతుంది.

మధ్య డిఫ్. పల్చన చేస్తే త్వరణంలో తేలికపడిన ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. ముందు టైర్లు ఉబ్బి పలచబడి కనిపించడమే దీనికి గుర్తు. లాగుడు తగ్గుతుంది గానీ గతుకుల్లో కారు నడపడం సులువవుతుంది. చిక్కన చేస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి, థ్రాటిల్ మీద స్టీరింగ్ పెరుగుతుంది, కానీ గరుకు నేల మీద కారు బెదురుతుంది. 1/8 బగ్గీలో నేను ముందుగా మార్చేది ఈ డిఫ్‌నే, ఎందుకంటే ల్యాప్ మొత్తం మీద తేడా ఇక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

వెనుక డిఫ్. పల్చన చేస్తే మలుపు మధ్యలో వెనుక పట్టు పెరుగుతుంది, మలుపులోకి దిగడం కూడా సులువవుతుంది. అయితే లోపలి చక్రం ఊరికే తిరిగి బయటికి లాగుడు తగ్గవచ్చు. చిక్కన చేస్తే ఆ వృథా తగ్గి కారు ముందుకు దూకుతుంది, కానీ పట్టు తక్కువున్న నేల మీద థ్రాటిల్ తొందరపడితే వెనుక భాగం ఒక్కసారిగా జారుతుంది.

ఏది మార్చాలో తేల్చుకోవడానికి, కారు ఎక్కడ తప్పుతోందో ముందు గమనించండి. థ్రాటిల్ వదిలినప్పుడా, మలుపు మధ్యలోనా, థ్రాటిల్ ఇచ్చాకా? ‘కారు తిరగడం లేదు’ అన్న ఫిర్యాదు ఈ మూడింటిలో ఒకటిగా విడిపోయేదాకా డిఫ్‌ను విప్పకండి.

పుస్తకంలో రాసుకోవలసినవి ఇవి:

- తేదీ, నేల స్వభావం, గాలి ఉష్ణోగ్రత
- టైర్లు
- మూడు డిఫ్‌లలోని ఆయిల్, దాని బరువు, కంపెనీ
- వరుసగా ఐదు ల్యాప్‌ల సమయాలు. ఒక్క ఉత్తమ ల్యాప్‌ను నమ్మవద్దు
- నడిపిన అనుభవం గురించి ఒక వాక్యం

8. తరచుగా వచ్చే తప్పులు, వాటికి మందులు

ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఒకలా ఉంది. ఇది ఆయిల్ తప్పు కావడం అరుదు. వంగిన డ్రైవ్ షాఫ్టు, బిగుసుకుపోయిన హబ్ బేరింగ్, వంగిన సస్పెన్షన్ పిన్ను, ఈ వరుసలో చూడండి.

మొదటి నిమిషాలు బాగుండి తర్వాత కారు మారిపోతోంది. గేర్ డిఫ్‌లో ఆయిల్ తక్కువగా ఉండవచ్చు లేదా కారిపోతూ ఉండవచ్చు. డిఫ్‌ను తూకం వేస్తే నిమిషంలో తెలుస్తుంది. బరువు సరిగా ఉంటే వేడికి పల్చబడుతోందని అర్థం, ఒక మెట్టు చిక్కన చేయండి.

బాల్ డిఫ్ కీచుమంటోంది. డిఫ్ జారుతోంది. వెంటనే కారు ఆపండి. ఇంకో రెండు ల్యాప్‌లు లాగితే రింగుల మీద చదునైన మచ్చలు పడతాయి.

బాల్ డిఫ్ గరగరమంటోంది. ముందు థ్రస్ట్ బేరింగ్‌ను విప్పి చూడండి, తర్వాత రింగులను చూడండి. మన మైదానాల సన్నటి ఎర్రమట్టి దుమ్ము లోపలికి చేరితే గ్రీజు రుద్దే ముద్దగా మారుతుంది. దుమ్ములో నడిపేవారు గేర్‌బాక్సు అంచులకు సన్నగా గ్రీజు రాసి మూయడం మంచిది.

కొత్త ఓ-రింగులు వేసినా లీకు ఆగడం లేదు. అవుట్‌డ్రైవ్ షాఫ్టు అరిగి ఉంటుంది, లేదా డిఫ్ బేరింగ్ వదులై షాఫ్టు ఊగుతూ ఉంటుంది. ఆ రెండింటినీ వదిలి మరో ఓ-రింగు కొనడం వల్ల ప్రయోజనం లేదు.

చేత్తో తిప్పితే బాగుంది, ట్రాక్ మీద ఊహించినట్టు లేదు. చేత్తో తిప్పేది నెమ్మదిగా. ఆయిల్ నిరోధం వేగంతో పెరుగుతుంది కాబట్టి చేతి పరీక్షతో రెండు డిఫ్‌లు ఒకేలా ఉన్నాయా అన్నది మాత్రమే పోల్చాలి, సరిపోతుందా లేదా అన్నది నిర్ణయించకూడదు.

9. నిర్వహణ

గేర్ డిఫ్‌ను నెలకోసారి తూకం వేసి, బరువు తగ్గితే విప్పండి. తగ్గకపోయినా పోటీకి ముందు ఆయిల్ మార్చడం అలవాటు చేసుకోండి. బాల్ డిఫ్‌ను ప్రతి పోటీ రోజుకూ ముందు చేత్తో తిప్పి చూసి, గరుకు తెలిస్తే అప్పుడే శుభ్రం చేయాలి.

వీలైతే ఒక అదనపు డిఫ్‌ను పక్క మెట్టు ఆయిల్‌తో నింపి, ఆయిల్ అంకెనూ, నింపిన తేదీనీ డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ట్రాక్ పక్కన దుమ్ములో ఆయిల్ నింపడం కంటే డిఫ్‌ను మొత్తంగా మార్చడం సులభం. మార్చేటప్పుడు రింగ్ గేరు (డిఫ్ డబ్బాకు బిగించిన పెద్ద గేరు) సరైన వైపే ఉందో లేదో చూడండి. తిరగేసి పెడితే ఆ చక్రాలు వెనక్కి తిరుగుతాయి, థ్రాటిల్ ఇవ్వగానే ముందు చక్రాలు ఒక దిక్కుకూ వెనుక చక్రాలు మరో దిక్కుకూ లాగుతాయి. కారును నేల మీద పెట్టే ముందు స్టాండు మీదే థ్రాటిల్ ఇచ్చి చక్రాల దిశను సరిచూసుకోండి.